మొతేరా: తొమ్మిది నెలల్లో లేచి, ముప్పై రెండేళ్లు నిలిచి

(ఆట స్థలాలు: ధారావాహిక, ఆరో భాగం)

సూరత్‌లో ఉధనా జంక్షన్‌కు తూర్పు పక్కన డిండోలి. దానికి ఆనుకుని నవాగామ్, లింబాయత్, కాస్త ఎడంగా పర్వత్ పాటియా. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఈ పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. సిరిసిల్లలో సాంచాలు నడిపిన చేతులే ఇక్కడా మరమగ్గాలు నడుపుతున్నాయి. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత మంది మనవాళ్లు ఇక్కడున్నారు. విజయవాడ, ఖమ్మం, వరంగల్ మీదుగా వచ్చే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లను సూరత్‌లో దింపి, ఉత్తరంగా మరో 230 కిలోమీటర్లు పోయి అహ్మదాబాదు చేరుతుంది. డిండోలి తెలుగువాళ్లు టెస్టు మ్యాచ్ చూడాలనుకుంటే ఆ బండి దిగకుండా అలాగే కూర్చుని వెళ్లాలి.

సూరత్‌కు సొంత మైదానం లేకపోలేదు. లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో రంజీ మ్యాచ్‌లు ఆడతారు. 2019లో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాతో టీ20లు ఆడింది అక్కడే. కానీ పురుషుల అంతర్జాతీయ మ్యాచ్ ఆ నగరానికి ఇంకా రాలేదు. అందుకే దక్షిణ గుజరాత్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు పెద్ద మైదానమంటే చాలాకాలం మొతేరానే. మన ఆటగాళ్ల జీవితాల్లోనూ దానిది పెద్ద పేజీ. ఒకరు తొలి టెస్టు ఆడారు, ఒకరు ఒకే టెస్టులో పదకొండు వికెట్లు తీశారు, ఒకరు ఆ మైదానంలో జరిగిన చిట్టచివరి అంతర్జాతీయ మ్యాచ్‌ను సెంచరీతో గెలిపించారు. ఇప్పుడు ఆ మైదానం లేదు. అదే చోట, కొత్త పేరుతో, ప్రపంచంలోకెల్లా పెద్ద క్రికెట్ స్టేడియం ఉంది. ఈ వారం కథ ఆ పాతదాని గురించి.

గత భాగంలో నవరంగ్‌పురా దగ్గర ఆగాం. చార్లెస్ కొరియా గీసి, ఇంజనీరు మహేంద్ర రాజ్ లెక్కలు కట్టిన ఆ స్టేడియంలో 1981 నవంబరు 25న భారతదేశపు గడ్డ మీద మొట్టమొదటి వన్డే జరిగిందనీ, ఇంగ్లండ్ అయిదు వికెట్ల తేడాతో గెలిచిందనీ చెప్పుకున్నాం. అంత చక్కటి మైదానం నగరం నడిబొడ్డున ఉండగా గుజరాత్ క్రికెట్ సంఘం ఊరికి ఉత్తరాన, నది ఒడ్డున ఉన్న మొతేరా గ్రామానికి ఎందుకు వెళ్లింది? నవరంగ్‌పురా స్టేడియం నగరపాలికది. తాళం ఒకరి దగ్గర, ఆట ఇంకొకరి దగ్గర ఉంటే ఏ సంఘానికైనా ఇబ్బందే. బొంబాయిలో బ్రబోర్న్ స్టేడియం టికెట్ల దగ్గర తగువు వచ్చి 1970ల్లో వాంఖడే పుట్టింది. అహ్మదాబాదులోనూ దాదాపు అదే దారి. రెండు స్టేడియాలకూ వాస్తుశిల్పి ఒకరే, శశి ప్రభు.

1982లో గుజరాత్ ప్రభుత్వం సబర్మతి ఒడ్డున స్థలం ఇచ్చింది. తొమ్మిది నెలల్లో కట్టడం నిలబడింది. మొదట్లో దాని పేరు గుజరాత్ స్టేడియం. సర్దార్ పటేల్ పేరు తర్వాత చేరింది. తొమ్మిది నెలలన్న మాటను అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు, గొప్పే. కాంక్రీటును తొందరపెట్టి నిలబెట్టవచ్చు. పిచ్ మాట వేరు. మట్టి పొరలు పొరలుగా అణగాలి, గడ్డి వేళ్లు దిగాలి, ఎన్నో మ్యాచ్‌లు దాని మీద నడవాలి. మొతేరాకు ఆ వ్యవధి దక్కలేదు. దాని ఫలితాన్ని మొదటి టెస్టులోనే అందరూ చూశారు.

ఆ మొదటి టెస్టు 1983 నవంబరు 12న మొదలైంది. జూన్ 25న లార్డ్స్‌లో వెస్టిండీస్‌ను ఓడించి ప్రపంచ కప్ తెచ్చుకున్న నాలుగు నెలలకు అదే వెస్టిండీస్ మన దేశానికి వచ్చింది. ఆరు టెస్టుల పర్యటన. మనం 3–0తో ఓడాం. కసి తీర్చుకోవడానికే వచ్చిన జట్టు అది. మూడో టెస్టు మొతేరాలో. వెస్టిండీస్ 281 చేస్తే మనం 241 చేశాం. అందులో సునీల్ గవాస్కర్‌వి 90. ఆ ఇన్నింగ్స్‌లోనే ఆయన జెఫ్ బాయ్‌కాట్ 8,114 పరుగుల మొత్తాన్ని దాటి టెస్టుల్లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినవాడయ్యాడు. అంటే కొత్త స్టేడియం పుట్టిన రోజుల్లోనే దానికి ఒక ప్రపంచ రికార్డు దక్కింది.

తర్వాత జరిగింది నాకు మొతేరా చరిత్రలోకెల్లా విలువైన ఘట్టం. కెప్టెన్ కపిల్ దేవ్ రెండో ఇన్నింగ్స్‌లో 30.3 ఓవర్లు వేశాడు. 83 పరుగులిచ్చి తొమ్మిది వికెట్లు తీశాడు. మిగిలిన ఆ ఒక్కటి బల్విందర్ సంధూకు దక్కింది. వెస్టిండీస్ 201కి ఆలౌటైంది. టెస్టుల్లో ఒక కెప్టెన్ సాధించిన అత్యుత్తమ బౌలింగ్ ఈనాటికీ అదే. గ్రీనిడ్జ్, హేన్స్, రిచర్డ్స్, లాయిడ్ ఉన్న జట్టు మీద ఒక్కడు తొమ్మిది మందిని పడగొట్టాడంటే ఆ భుజానికి ఎంత ఓపిక కావాలో ఊహించండి. గెలవడానికి మనకు 242 కావాలి. పగుళ్లిచ్చిన పిచ్ మీద మైకేల్ హోల్డింగ్, మాల్కమ్ మార్షల్ ఎదురుగా నిలబడ్డారు. మనం 103కే కూలాం, 138 పరుగుల తేడాతో ఓడాం. కపిల్ తొమ్మిది వికెట్లు ఓటమి కింద అణగిపోయాయి. గెలిచిన మ్యాచ్‌లోని అయిదు వికెట్లను జనం తరచూ చెప్పుకుంటారు. ఈ తొమ్మిదినీ అంతగా తలచుకోరు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

మూడేళ్లు దాటాక, 1987 మార్చిలో, గవాస్కర్ మళ్లీ ఇక్కడే ఇంకో మైలురాయి దాటాడు. పాకిస్తాన్‌తో నాలుగో టెస్టు, మార్చి 7. ఇజాజ్ ఫకీ బంతిని ఆడి పరుగు తీయగానే టెస్టుల్లో పదివేల పరుగులు పూర్తయ్యాయి. అంతకుముందు ఏ మనిషీ చేరని సంఖ్య. జనం కంచెలు దాటి మైదానంలోకి వచ్చేశారు, ఆట కాసేపు ఆగింది. అదే మ్యాచ్‌లో గ్యాలరీల్లోంచి రాళ్లు పడ్డాయి, బౌండరీ దగ్గరి పాకిస్తాన్ ఫీల్డర్లు హెల్మెట్లు పెట్టుకుని నిలబడవలసి వచ్చింది. మొతేరాను ప్రేమగా తలచుకునేవాళ్లం ఈ రెండో సంగతిని దాచిపెట్టకూడదు. ఒకే మైదానం, ఒకే మ్యాచ్. ఒకరికి పూలు, ఇంకొకరికి రాళ్లు. స్టేడియం చరిత్ర అంటే అక్కడి ప్రేక్షకుల చరిత్ర కూడా.

ఇక మనవాళ్ల దగ్గరికి వద్దాం.

1994 ఫిబ్రవరి 8. శ్రీలంకతో మూడో టెస్టు మొదటి రోజు పొద్దున. కపిల్ దేవ్ అప్పటికి 431 వికెట్లతో రిచర్డ్ హాడ్లీతో సమానంగా ఉన్నాడు. హషన్ తిలకరత్నె కొట్టిన బంతిని షార్ట్‌లెగ్‌లో సంజయ్ మంజ్రేకర్ పట్టుకున్నాడు, 432. ఆకాశంలోకి 432 బెలూన్లు వదిలారు. ఆ సందడి అంతా టీవీల్లోకి, పత్రికల మొదటి పేజీల్లోకి ఎక్కింది. దాని వెనక ఇంకో సంగతి మరుగున పడిపోయింది. ఆ టెస్టును అసలు గెలిపించింది హైదరాబాదు ఎడమచేతి స్పిన్నర్ వెంకటపతి రాజు. శ్రీలంక మొదటి ఇన్నింగ్స్‌లో 119కి ఆలౌటైతే రాజు 38 పరుగులకు అయిదు వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో 222కి ఆలౌటైతే 87 పరుగులకు ఆరు. మొత్తం 125 పరుగులకు పదకొండు వికెట్లు. ఆ రెండు ఇన్నింగ్స్‌ల మధ్యలో మనం చేసినవి 358, అందులో 152 కెప్టెన్ మహ్మద్ అజరుద్దీన్‌వి. ఇన్నింగ్స్ 17 పరుగుల గెలుపు. హైదరాబాదు వీధుల్లో పెరిగిన ఒకడు బ్యాటుతో, ఇంకొకడు బంతితో ఆ మ్యాచ్‌ను చెరో వైపు నుంచి పట్టుకున్నారు. కపిల్ రికార్డు గొప్పది, దానికి దక్కిన గౌరవం న్యాయమైనదే. అయినా 1994 మొతేరా అనగానే బెలూన్లు మాత్రమే గుర్తొచ్చి రాజు గుర్తు రాకపోతే మనం మన ఇంటి లెక్కే సరిగా రాసుకోనట్టు.

1996 ఫిబ్రవరి 14న ప్రపంచ కప్‌లో తొలి మ్యాచ్ ఇక్కడే జరిగింది. న్యూజిలాండ్ తరఫున నేథన్ ఆస్టిల్ 101 చేశాడు, ఇంగ్లండ్ 11 పరుగుల తేడాతో ఓడింది. అదే ఏడాది నవంబరులో దక్షిణాఫ్రికా వచ్చింది. కెప్టెన్ సచిన్ టెండూల్కర్. నవంబరు 20న మొదలైన ఆ టెస్టులో హైదరాబాదుకు చెందిన ఒక పొడుగాటి కుర్రాడు తొలి టోపీ అందుకున్నాడు. ఇరవై రెండేళ్లు నిండి మూడు వారాలు కూడా కాలేదు. వి.వి.ఎస్. లక్ష్మణ్.

మొదటి ఇన్నింగ్స్‌లో 11 చేశాడు. మనం 223, వాళ్లు 244. రెండో ఇన్నింగ్స్‌లో మనం తడబడ్డాం. పిచ్ మీద బంతి ఆగి వస్తోంది, ఒక్కోసారి నేలబారుగా జారుతోంది. పెద్దపెద్ద పేర్లన్నీ వెనుదిరిగాక ఈ కొత్త కుర్రాడు నిలబడి 51 చేశాడు. మొత్తం 190. దక్షిణాఫ్రికా ముందు 170 పరుగుల లక్ష్యం పెట్టగలిగాం. జవగళ్ శ్రీనాథ్ ఆ రోజు వేసిన బంతులు చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 21 పరుగులకు ఆరు వికెట్లు. మన గడ్డ మీద నాలుగో ఇన్నింగ్స్ అంటే స్పిన్నర్ల సొత్తు అనుకునే రోజుల్లో ఒక ఫాస్ట్ బౌలర్ దక్షిణాఫ్రికాను 105కి కూల్చాడు. 64 పరుగుల తేడాతో గెలిచాం. శ్రీనాథ్ లేకపోతే ఆ గెలుపు లేదు, నిజం. లక్ష్మణ్ 51 లేకపోతే? అప్పుడు లక్ష్యం 120 దగ్గర ఉండేది. అంత చిన్న లక్ష్యం ముందు దక్షిణాఫ్రికా బ్యాటర్లు అంతగా వణికేవాళ్లా? క్రికెట్‌లో ఇలాంటి ప్రశ్నలకు జవాబు దొరకదు. అయినా అడగాలి. తర్వాతి కాలంలో ‘కష్టమొస్తే లక్ష్మణ్ ఉన్నాడు’ అని దేశమంతా అనుకున్న మాటకు మొదటి రుజువు ఆ మొతేరా ఇన్నింగ్సే.

రెండో రుజువు, మూడో రుజువు కూడా అక్కడే దొరుకుతాయి. 2005 డిసెంబరులో శ్రీలంక మీద మనం 97 పరుగులకు అయిదు వికెట్లు పోగొట్టుకున్నాం. రాహుల్ ద్రవిడ్ ఒంట్లో బాగాలేక ఆడలేదు, వీరేందర్ సెహ్వాగ్ కెప్టెన్‌గా ఉన్నాడు. లక్ష్మణ్ 104 చేశాడు, ఇర్ఫాన్ పఠాన్ 82 చేసి తోడు నిలిచాడు, స్కోరు 398 దాకా వెళ్లింది. 259 పరుగుల తేడాతో గెలిచాం. 2010 నవంబరులో ఇంకా ఘోరమైన పరిస్థితి వచ్చింది. న్యూజిలాండ్ బౌలర్ క్రిస్ మార్టిన్ విజృంభించి మనల్ని 15 పరుగులకు అయిదు వికెట్లకు తెచ్చాడు. తర్వాత ధోనీ కూడా పోయి 65కి ఆరు. సొంత గడ్డ మీద న్యూజిలాండ్ చేతిలో ఓడిపోతామేమోనన్న భయం పట్టుకున్న వేళ లక్ష్మణ్, హర్భజన్ సింగ్ కలిసి ఏడో వికెట్‌కు 163 జోడించారు. హర్భజన్ 115 చేశాడు, అది అతని మొదటి సెంచరీ. లక్ష్మణ్ 91. మ్యాచ్ డ్రా అయింది. ఇరవై రెండేళ్ల వయసులో అదే చోట జట్టును ఆదుకున్నవాడు ముప్పై ఆరేళ్ల వయసులోనూ అదే చోట ఆదుకున్నాడు. ఒక ఆటగాడికి ఒక మైదానంతో ఇంతకంటే గట్టి బంధం ఏముంటుంది!

మిగతా సంగతులు గబగబా చెప్పేస్తాను. 1999లో న్యూజిలాండ్ మీద సచిన్ 217, టెస్టుల్లో అతని మొదటి డబుల్ సెంచరీ. 2008 ఏప్రిల్ 3న డేల్ స్టెయిన్ ముందు మనం ఇరవై ఓవర్లలో 76కి ఆలౌట్, ఆ తర్వాత ఏబీ డివిలియర్స్ 217 నాటౌట్. 2009లో శ్రీలంక ఏడు వికెట్లకు 760, మహేల జయవర్ధనె 275. 2011 మార్చి 24న ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, రికీ పాంటింగ్ 104 కొట్టినా యువరాజ్ సింగ్ 57 నాటౌట్‌తో ఆస్ట్రేలియాను ఇంటికి పంపాం. 2012 నవంబరులో ఇంగ్లండ్ మీద చేతేశ్వర్ పుజారా 206 నాటౌట్. పాత మొతేరాలో ఆఖరి టెస్టు అదే. మొత్తం 12 టెస్టులు. నాలుగు గెలిచాం, రెండు ఓడాం, ఆరు డ్రాలు.

ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్ 2014 నవంబరు 6న. శ్రీలంకతో రెండో వన్డే. శ్రీలంక 274 చేసింది. విరాట్ కోహ్లీ కెప్టెన్‌గా తన మూడో స్థానాన్ని అంబటి రాయుడికి ఇచ్చాడు. గుంటూరులో పుట్టి హైదరాబాదులో ఆడి, 2004లో అండర్-19 ప్రపంచ కప్‌కు భారత కెప్టెన్‌గా వెళ్లి, ఐసీఎల్ అనే అనధికారిక లీగ్‌లో చేరి కొన్నేళ్లు అధికారిక క్రికెట్‌కు దూరమై, చివరికి 2013లో గానీ దేశం తరఫున వన్డే ఆడని మనిషి. చిన్నప్పుడు అతనిలో చూసిన ప్రతిభకు దేశం చాలా ఆలస్యంగా తలుపు తీసింది. ఆ రోజు రాయుడు 118 బంతుల్లో 121 చేసి అవుట్ కాకుండా మిగిలాడు. అతని మొదటి అంతర్జాతీయ సెంచరీ. శిఖర్ ధవన్ 79. ఇంకా అయిదు ఓవర్లకు పైగా ఉండగానే గెలిచాం. ఆ తర్వాత 2015 ఏప్రిల్‌లో రాజస్థాన్ రాయల్స్ కొన్ని ఐపీఎల్ మ్యాచ్‌లు ఆడింది. ఆ ఏడాది చివర్లో కూల్చివేత మొదలైంది.

ఎందుకు కూల్చారు? పాత గ్యాలరీల్లో సుమారు యాభై నాలుగు వేల మందికే చోటు. 63 ఎకరాల ఆవరణ ఉన్నా లోపలికి వెళ్లడానికి ఒకే ప్రధాన దారి. నరేంద్ర మోదీ గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉంటూ 2009 నుంచి 2014 దాకా గుజరాత్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడిగా కూడా ఉన్నారు. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద స్టేడియం అహ్మదాబాదులో ఉండాలన్న తలంపు ఆయనది. 2014లో అమిత్ షా ఆ పదవిలోకి వచ్చాక అది పనిలోకి దిగింది. మరమ్మతులు కాకుండా, మొత్తం నేలమట్టం చేసి మళ్లీ కట్టాలని నిర్ణయించారు. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌ను తిరిగి తీర్చిదిద్దిన పాపులస్ సంస్థ నమూనా గీసింది, ఎల్ అండ్ టీ కట్టింది. 2017 జనవరిలో శంకుస్థాపన, సుమారు 800 కోట్ల రూపాయల ఖర్చు. మూడు ప్రవేశ మార్గాలు, ఎర్రమట్టితోనూ నల్లమట్టితోనూ చేసిన పదకొండు పిచ్‌లు, లైటు స్తంభాలకు బదులు పైకప్పు చుట్టూ ఎల్ఈడీ దీపాల వలయం, 1,32,000 మందికి కుర్చీలు. మెల్‌బోర్న్ లక్ష మంది దగ్గర ఆగితే ఇది ఇంకో ముప్పై వేలు దాటింది.

2020 ఫిబ్రవరి 24న ‘నమస్తే ట్రంప్’ సభతో కొత్త కట్టడం లోకానికి కనిపించింది. సరిగ్గా ఏడాదికి, 2021 ఫిబ్రవరి 24న, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు దానికి నరేంద్ర మోదీ స్టేడియం అన్న పేరు ప్రకటించారు. ఆ రోజే మొదలైన గులాబీ బంతి టెస్టులో అక్షర్ పటేల్ పదకొండు వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ రెండో రోజే పది వికెట్ల తేడాతో ఓడిపోయింది. 1983లో లాగే కొత్త మొతేరా తొలి టెస్టు కూడా పిచ్ గురించిన వాదంతోనే మొదలైంది.

కొత్త స్టేడియం మీద నాకు ఫిర్యాదు లేదు. లక్షా ముప్పై వేల మంది ఒక్కచోట కూర్చుని ఆట చూడగలగడం సామాన్యమైన సంగతి కాదు, ఆ కుర్చీల్లో కొన్ని డిండోలి, లింబాయత్ కుర్రాళ్లకూ అందుతాయి. నా అభ్యంతరం రికార్డుల విషయంలో. మన తెలుగు నగరాల్లో ఏం జరిగిందో చూడండి. హైదరాబాదులో లాల్ బహదూర్ స్టేడియం నుంచి 2005లో ఆట ఉప్పల్‌కు వెళ్లింది. విశాఖపట్నంలో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం నుంచి పోతిన మల్లయ్య పాలెం దగ్గరి కొత్త మైదానానికి వెళ్లింది. స్థలం మారింది కాబట్టి రికార్డులు కూడా వేరుగానే ఉన్నాయి. లాల్ బహదూర్ స్టేడియం లెక్క దానిదే, ఉప్పల్ లెక్క దానిదే. న్యూయార్క్‌లో యాంకీల పాత బేస్‌బాల్ మైదానానికి బదులు వీధికి ఆ పక్కనే కొత్తది కట్టినప్పుడు, పేరు ఒకటే అయినా, రెండింటినీ వేరువేరు స్టేడియాలుగానే లెక్కించారు.

మొతేరాలో స్థలం మారలేదు. అందుకని కపిల్ తొమ్మిది వికెట్లు, గవాస్కర్ పదివేలు, రాజు పదకొండు వికెట్లు, లక్ష్మణ్ తొలి టెస్టు, రాయుడి సెంచరీ, అన్నీ రికార్డుల పట్టికల్లో 2021లో పేరు పెట్టిన స్టేడియం కిందే కనబడుతున్నాయి. ఆ గ్యాలరీల్లో ఒక్క మెట్టు కూడా ఇప్పుడు లేదు. పిచ్ ఆ పిచ్ కాదు, బౌండరీ ఆ బౌండరీ కాదు, పేరూ ఆ పేరు కాదు. ఇవాళ్టి పన్నెండేళ్ల పిల్లవాడు ఫోన్‌లో స్కోరుకార్డు తెరిచి 1996 నవంబరులో లక్ష్మణ్ నరేంద్ర మోదీ స్టేడియంలో ఆడాడని చదివితే అది అబద్ధమే కదా. రికార్డులు రాసేవాళ్లు చేయవలసిన పని చిన్నది. 1983 నుంచి 2014 దాకా జరిగిన వాటికి ‘సర్దార్ పటేల్ స్టేడియం, మొతేరా’ అని వేరే పేజీ పెట్టడం, 2021 నుంచి జరిగిన వాటికి కొత్త పేరుతో ఇంకో పేజీ పెట్టడం. ఎవరి గౌరవానికీ ఇందులో లోటు లేదు. కొత్త స్టేడియం తన రికార్డులు తాను సంపాదించుకుంటోంది. 2023 నవంబరు 19న ప్రపంచ కప్ ఫైనల్ కూడా చూసింది. పాతవాటిని అప్పు తెచ్చుకోవలసిన అవసరం దానికి లేదు.

తెలుగు పత్రికలు, తెలుగు వ్యాఖ్యాతలు ముందుగా ఈ పద్ధతి పాటించవచ్చు. లక్ష్మణ్ తొలి టెస్టు ప్రస్తావన వచ్చినప్పుడల్లా మొతేరా అని రాద్దాం, మొతేరా అని పలుకుదాం.

(వచ్చే భాగం: హైదరాబాదు ఫతే మైదాన్. 1955 నవంబరులో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ చేసిన 223, టెస్టుల్లో భారతీయుడు సాధించిన తొలి డబుల్ సెంచరీ.)